ఉమ్ సాలెం పాటకు అర్థం

నిన్న కువైట్‌లోని ఎగైలాలో మా ఆఫీసు కువైటీ అమ్మాయి పెళ్లికి వెళ్తే, హాలు వెనక నిప్పుల మీద డప్పులు కాస్తున్న వాసన తగిలింది. ఇక్కడ పెరిగిన మనవాళ్లకు గుర్తుందా, వేడెక్కిన తోలులో బుఖూర్ ధూపం పొగ కలిసిన ఆ వాసన? నాకు మా పక్కింటి ఉమ్ సాలెం గుర్తొచ్చింది. నల్లజాతి కువైటీ ఆవిడ, ఆడవాళ్ల పెళ్లిపాటల బృందానికి పెద్ద.

నా చిన్నప్పుడు డప్పులు కాచుకుంటూ ఆవిడ ఎప్పుడూ ఒక పాట పాడేది. అందులో సగం మాటలు అరబ్బీ కావు. "ఆ పాటకి అర్థం ఏంటో అడగవే," అని ఒకరోజు అమ్మ నన్ను ముందుకు తోసింది.

"నాకూ తెలీదు హబీబ్తీ. మా అమ్మమ్మ వాళ్లమ్మను ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చారు. ఆమె పాడిందే మేమూ పాడుతున్నాం," అని ఉమ్ సాలెం నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు అర్థం కాలేదు.

నిన్న పాడింది ఆవిడ శిష్యురాళ్లట. ఆ పాట ఎత్తుకోగానే వాళ్లతో పాటు నా నోటికీ మాటలన్నీ వచ్చేశాయి. పాట అయ్యాక వాళ్ల నాయకురాలు వచ్చి నా చేతులు పట్టుకుంది.

"మా ఉమ్ సాలెం పోయే ముందు అడగలేకపోయాం. మీకు దీని అర్థం తెలుసా?"

తెలియదనాలో, తెలియకుండానే ఈ పాట నాదెలా అయిందో చెప్పాలో ఇవాళ్టికీ తోచడం లేదు.