పేపరు కప్పులు, గాజు చప్పుడు

డబ్లిన్ తెలుగువాళ్ళలో ఈ సంగతి ఎవరు చెప్పినా ఒకేలా చెబుతారు. సంఘం ఎన్నికల్లో మొగుడు ఓడిపోయాడన్న కడుపుమంటతో సునంద ఆంటీ విందులో రభస చేసిందట, పాతింటి తలుపు చెమ్మకి ఉబ్బి బిగుసుకుందట, అంతేనట. ఆ సునందని నేనే. కడుపుమంట నిజమే, కాదనను. తక్కినదంతా వాళ్ళ కల్పన. దయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినదాన్ని. చెక్క ఎందుకు ఉబ్బుతుందో నాకొకరు చెప్పనక్కర్లేదు.

గెలిచిన కమిటీ విందు కోసం డండాక్ దాటాక ఒక పాత బంగళాలో భోజనాల గది అద్దెకి తీసుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం, మంచి ఎండ కాస్తోంది. బంగళా చూసుకునే ఐరిష్ పెద్దమనిషి గది చూపిస్తూ దాని చరిత్ర చెప్పాడు. బ్రిటిష్ రాజుల కాలంలో, రెండు వందల ఏళ్ళకి పైమాటే, చుట్టుపక్కల జమీందార్లు అక్కడ క్లబ్బు నడిపేవారట. తినడం, తాగడం, రాజకీయాలు మాట్లాడుకోవడం. భోజనమయ్యాక ఒకడు లేచి ఒక పేరు చెప్పేవాడు. అది రాజు పేరు కావచ్చు, రాజుకి గిట్టనివాడి పేరూ కావచ్చు. అందరూ నిలబడి ఆ పేరున తాగి, మందపాటి అడుగున్న గ్లాసుల్ని ఒక్కసారిగా బల్లకేసి కొట్టాలి. కూర్చుండిపోయినవాడు శత్రువు కింద లెక్క. వాడూ లేచి తాగేదాకా తలుపుకి తాళం.

"మన జనరల్ బాడీ కంటే నయమే" అన్నాను. కొత్త సెక్రటరీ పద్మజ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఒక్కటి గమనించండి. మేం వాడినవన్నీ పేపరు కప్పులు, పేపరు ప్లేట్లు. బల్ల మీద గాజు వస్తువన్నది లేదు.

భోజనాలు కాగానే కొత్త ప్రెసిడెంటు ప్రసాద్‌కి ఆ క్లబ్బు సరదా పుట్టింది. మామిడి రసం కప్పు ఎత్తి, "కొత్త కమిటీ పేరున. అందరూ లేవాలండోయ్" అన్నాడు. లేచారు. నేను లేవలేదు. సగం లేచిన మా ఆయన్ని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

"అక్కా, ఒక్క నిమిషం లేస్తే ఏం పోయింది?" అన్నాడు ప్రసాద్.

"ఓడినవాళ్ళం కదా తమ్ముడూ. కూర్చునే హక్కైనా మిగల్చు."

నవ్వారు, తాగారు, కప్పులు దించారు.

అప్పుడు వినిపించింది. బల్ల అవతలి చివర, ఖాళీ కుర్చీల దగ్గర, బరువైన గాజు చెక్కని కొట్టిన చప్పుడు. ఒక గ్లాసు కాదు, ఎన్నో గ్లాసులు, ఒకే దెబ్బ. నా ముందున్న ప్లేటు అదిరింది. పై అంతస్తులో ఎవరో కుర్చీలు జరిపారంటారు. ఆ గదికి పై అంతస్తే లేదు.

మా ఆయనకి ఆస్తమా. ముందు దగ్గు మొదలైంది, వెంటనే పిల్లికూతలు. ఇన్‌హేలర్ కోటు జేబులో ఉంది, కోట్లన్నీ బయట హాల్లో తగిలించాం. పరిగెత్తాను. పిడి తిరిగింది గాని తలుపు కదల్లేదు. ప్రసాద్‌తో పాటు మగవాళ్ళంతా వచ్చి భుజాలు ఆనించారు. ఉబ్బిన తలుపు ఒక మూల పట్టుకుంటుంది, తోస్తే ఇంకో మూల ఊగుతుంది. ఇది గోడలా ఉంది. కిటికీలు ఏనాడో రంగుతో అతుక్కుపోయాయి.

వెనక పిల్లికూతలు తగ్గాయి. ఆస్తమా మనిషితో కాపురం చేసినవాళ్ళకి తెలుస్తుంది, ఆ కూత ఆగిపోవడమే అన్నిటికంటే భయం.

పద్మజ బంగళా ఆయనకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"తలుపు తెరిచే ఉందమ్మా" అన్నాడాయన తాపీగా. "నేను హాల్లో దాని ఎదురుగానే ఉన్నాను. మీవాళ్ళంతా బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు కదా. కూర్చున్న ఆ ఒక్కాయనా లేచాడంటే అంతా గ్రాండ్, ఏ ఇబ్బందీ ఉండదు."

మేమందరం తలుపు దగ్గర ఉన్నాం. బల్ల దగ్గర ఉన్నది మా ఆయన ఒక్కరే.

వెనక్కి తిరిగాను. ఆయన నిలబడి ఉన్నారు. ఊపిరందని మనిషి, నిటారుగా, కప్పు పైకెత్తి. పెదవులు కదిలాయి. తాగారు. మళ్ళీ అదే చప్పుడు, ఈసారి బల్ల పొడవునా. నా వీపు వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది.

ఇన్‌హేలర్ అందింది, అంబులెన్స్ వచ్చింది, మనిషి దక్కారు. ఆ తలుపు మూసి ఉండగా చూడనేలేదని బంగళా ఆయన ఇప్పటికీ అంటాడు. దానికి తాళమూ లేదు. తాళం ఉండే చోట చెక్కముక్క బిగించి ఉంది, వేలితో తడిమి చూశాను.

"నువ్వే కదే మోచెయ్యి పట్టుకుని లేపావు" అంటారు మా ఆయన. నేను గదికి ఇవతలి చివర ఉన్నానని చెబితే మాట మార్చేస్తారు. ఏమని తాగారని ఎన్నోసార్లు అడిగాను. ఒక పేరు చెప్పారట. పక్కనుంచి అందించారట. బాగా తెలిసిన పేరులాగే అనిపించిందట, ఇప్పుడు మాత్రం నోటికి రావడం లేదట.

చెక్క గురించీ చెమ్మ గురించీ ఎంతసేపైనా వాదిస్తాను, రమ్మనండి. నాకు జవాబు తెలియనిది ఇదొక్కటే. ఆ మధ్యాహ్నం మా ఆయన ఎవరి పేరున తాగారు?