చనిపోయిన కొడుకు పేరిట కరపత్రం
అమెరికాలోని నెబ్రాస్కాలో ఇరవై ఏళ్లుగా టపా పంచుతున్న ఆర్విల్ స్టెంగెల్, ఆ ఉదయం రైతు డేల్ హోర్కీకి అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌లో తమ సభ్యుడి ఎన్నికల కరపత్రం అందించాడు. సభ్యులకు టపా ఉచితం కనుక స్టాంపు లేదు, ఖర్చంతా జనానిదే. పైన చిరునామాలో ఉన్నది వియత్నాం యుద్ధంలో చనిపోయిన డేల్ కొడుకు పేరు.

"చచ్చినోణ్ణి ఓటడుగుతాడ్రా వాడు!" అంటూ డేల్ చేతిలోని గొడ్డలి తిరగేసి కామతో కొట్టాడు. ఆర్విల్ దవడ విరిగింది. కిందపడ్డాక కూడా డొక్కలో తన్నాడు. నెత్తురు కరపత్రాల మీద చిమ్మింది.

"కేసు పెట్టవయ్యా ఆర్విల్," అన్నాడు ఆసుపత్రికొచ్చిన షెరీఫ్, ఆ ప్రాంతపు పోలీసు అధికారి.

దవడ కదలక ఆర్విల్ కాగితం మీద రాశాడు: "వద్దు. పేరు చూసుకోకుండా ఇచ్చింది నేనేగా."

విరిగిన దవడకు కట్టిన తీగలు తీయకముందే, ఎన్నికల ముందు సభ్యుల ఉచిత టపా ఆపాలని అర్జీ రాసి ఇంటింటికీ తిప్పాడు. డేల్ తలెత్తకుండానే సంతకం పెట్టాడు.