తలకొరివి మాట

పుట్టించేవాడివీ, పోషించేవాడివీ, చివరికి నీలో కలుపుకొనేవాడివీ అయిన చెన్నకేశవా, నీకు జయం. మేం మాట తప్పినా నువ్వు తప్పవు. నీ నామం పలికే ఈ నోటితోనే నా తప్పు కూడా చెప్పుకుంటున్నాను.

మా మేనత్తకు పిల్లల్లేరు. తర్లుపాడు దగ్గర మామ వదిలిపోయిన మూడెకరాల చేను, రెండు గదుల ఇల్లు ఆమె పేరున ఉండేవి. మామ పోయాక ఆమెకు ఒకటే దిగులు, తనకు తలకొరివి ఎవరు పెడతారని. మరిది కొడుకు తాను పెడతానన్నాడు. చేను, ఇల్లు తన పేరున రాస్తే బోరుకు బ్యాంకు లోను కూడా వస్తుందన్నాడు.

మా వైపు ఇలాంటి మాట కాగితం మీద తీసుకోరు, కర్పూరం మీద తీసుకుంటారు. భజన మందిరంలో పురాణం చదివేది నేనే కాబట్టి హారతి పళ్లెం పట్టిందీ నేనే. అతను మంట మీద అరచేయి పెట్టి, "పెద్దమ్మకు తలకొరివి పెడతా, కర్మ చేస్తా, ఏటేటా తద్దినం పెడతా" అన్నాడు. అందరం గోవిందా అన్నాం. బతికున్నన్నాళ్లు అన్నం ఎవరు పెడతారని మాలో ఒక్కరూ అడగలేదు.

మర్నాడు మార్కాపురం రిజిస్ట్రారు ఆఫీసుకు పోయాం. దస్తావేజులు రాసే ముసలాయన అత్తను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అవ్వా, వీలునామా రాసుకో. నువ్వుండేంతవరకు ఆస్తి నీదే, మనసు మారితే మార్చుకోవచ్చు. గిఫ్టు రాస్తే ఈ పొద్దే చెయ్యి జారిపోతది."

"వీలునామాకు లోను ఇయ్యరంట కదా నాయనా."

"అట్లయితే గిఫ్టులోనే ఒక్క మాట రాస్తా. బతికినన్నాళ్లు తిండి, మందులు, ఉండేదానికి గది వాడే చూడాల, చూడకపోతే ఈ గిఫ్టు చెల్లదు అని. రేపు ఏమన్నా అయితే ఆర్డీవో కాడ నీకు అదే దిక్కు."

మరిది కొడుకు నవ్వాడు. "ఏంది తాతా, మా పెద్దమ్మకు గంజి పొయ్యమని నువ్వు రాసియ్యాల్నా నాకు?"

అత్త నా వైపు చూసింది. "దేవుని ముందర ప్రమాణమైనాక మళ్లీ కాగితం ఎందుకత్తా? ఆయన్ని నమ్మనట్లయితది" అన్నాను.

"మీ ఇష్టం స్వామీ. ఆయన ఆర్డీవో ఆఫీసుకు సాక్ష్యానికి రాడు" అన్నాడు ముసలాయన. నాకు కోపం వచ్చింది. ఆ మాట లేకుండానే అత్త వేలిముద్ర వేసింది.

బోరులో నీళ్లు పడలేదు. ఆ కసి అంతా అత్త కంచం మీదికి మళ్లింది. కంటి ఆపరేషన్‌కని మా ఇంటికొచ్చి పది రోజులుండి తిరిగిపోయేసరికి ఆమె గదిలో కంది బస్తాలున్నాయి. "నీ అల్లుని కాడనే ఉండు పెద్దమ్మా. కొరివి పెట్టే పొద్దు నేను వస్తాలే" అన్నాడట.

ముసలివాళ్ల పోషణ కేసులు వినేది ఆర్డీవోనే కాబట్టి నేనే ఆ ఆఫీసులో అర్జీ పెట్టించాను. అధికారి దస్తావేజు రెండుసార్లు చదివారు. షరతు రాసి లేదు కాబట్టి గిఫ్టు రద్దు చేయలేమని, ఆస్తి అనుభవిస్తున్నాడు కనుక నెలనెలా పోషణకు ఇమ్మని మాత్రం ఆదేశించగలమని చెప్పారు.

"ఇస్తా సార్" అన్నాడు మరిది కొడుకు. "కానీ నన్ను ఆఫీసుల ఎంబడి తిప్పిన మనిషికి కొరివి మాత్రం పెట్టను."

అత్త లేచి నిలబడింది. "నాకేమీ వద్దు సారూ. కేసు తీసెయ్యండి."

"అత్తా, నేను పెడతా కదా!"

"నువ్వు పుట్టింటోడివి అల్లుడా. నీ చేతి నిప్పు నన్ను మీ మామ కాడికి చేర్చదు."

అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిన కాగితం మీద మళ్లీ వేలిముద్ర వేసింది.

ఇప్పుడు మా పంచలో ఉంటుంది. రోజూ పొద్దున్నే అడుగుతుంది, "వాడు ఊళ్లోనే ఉన్నాడా?" అని. వాడు ప్రమాణం తప్పలేదు. నేను పట్టిన పళ్లెం మీద ఏం చెప్పాడో అదంతా చేస్తాడు.

ఇది చదివే మీరు నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి. చేను రావాలని వేడుకోవద్దు, అది రాదు. ఆమె ప్రాణం పోయే రోజున వాడు ఊళ్లో ఉండేటట్టు చూడమని స్వామిని అడగండి. అంతకు మించి అడగడానికి ఆమెకు నేనేమీ మిగల్చలేదు.