టెర్లిన్ చొక్కా, తదియ చంద్రుడు

మాది రాజమండ్రి. పున్నమి వస్తే గోదావరి గట్టున కూర్చుని, చంద్రుడు లేచేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. చంద్రుడితో పని కూడా ఉంటుందని నాకు ఎనభైల్లో, పావగడ వైపు వెళ్ళినప్పుడు తెలిసింది.

నాగలమడిక దగ్గర, ఎండిపోయిన పినాకిని ఏటి ఇసుక పక్కన, మా బస్సు టైరు పంక్చరైంది. పొద్దు గూకుతోంది. అందరం దిగాం. నా పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ తన వేరుశనగ మూట కూడా దింపుకుంది. ఆకలేసి రెండు కాయలు అడిగాను.

"ఇత్తనమప్పా ఇది. మూడేండ్లుగా వానల్లేక ఇంతే మిగిలిండేది," అంది. వలిస్తే గింజ ఎక్కువ రోజులు నిలవదట. వాన మీద నమ్మకం కుదిరితేనే వలుస్తారట.

ఇంతలో పడమట తదియ చంద్రుడు కనిపించాడు. ఆవిడ కొంగులోంచి ఒక పోగు లాగి చంద్రుడి వైపు ఊదింది.

"నువ్వూ ఎయ్యప్పా, కొత్తబట్టలిస్తాడు."

నాది టెర్లిన్ చొక్కా. ఎంత గీకినా పోగు రాలేదు. ఆవిడ పకపకా నవ్వి, అసలే చిరిగిన తన కొంగులోంచి ఇంకో పోగు లాగి నా చేతిలో పెట్టింది. సిగ్గుపడుతూనే ఊదాను.

ఆవిడ ఇంకా చంద్రుణ్ణే చూస్తోంది. "ఉత్తరం కొమ్ము పైకుండాది. వానొస్తాది."

"రాకపోతే?" అన్నాను, నోరు ఊరుకోక.

ఆవిడ మూట విప్పి ఒక కాయ తీసి, చిటుక్కున వలిచి, రెండు గింజలూ నా అరచేతిలో పోసింది.

"తినప్పా. తక్కినవి రేపు పొద్దున్నే వలుస్తాం."