కంప్యూటర్ పెట్టెకు పోయిన నా కూలర్

నా పేరు కోటమ్మ, వయసు డెబ్బై నాలుగు, పర్చూరు దగ్గర కొడుకు ఇంట్లో ఉంటాను. నేను చెబుతుంటే కోడలు సునీత టైప్ చేస్తోంది.

ఈ మధ్యాహ్నం మనవరాలు సింధు నా గదిలోని కూలర్ పట్టుకుపోయింది. గేములాడే తన చిన్న కంప్యూటర్‌లో ప్రాసెసర్ తొంభై అయిదు డిగ్రీలు దాటి ఆగిపోతోందట. వెళ్లి చూస్తే ఆ పెట్టె గోడకు ఆనించి ఉంది, దుమ్ము పడకుండా పైన దుప్పటి!

"ఏమే, కోసిన మిరపకాయలు మగ్గబెట్టినట్టు కప్పెట్టావు. వేడి ఎటు పోతుందే?"

"నీకు తెలీదులే నానమ్మా."

దుప్పటి లాగేసి, పెట్టెను జానెడు ముందుకు జరిపాను. గంటలో డెబ్బై అయిదుకు దిగింది. కూలర్ ఇవ్వమన్నాను.

"ఇప్పుడు నాకు ఉక్కగా ఉంది నానమ్మా" అంది.

న్యాయం మీరే చెప్పండి.

వేలిముద్ర: కోటమ్మ
సాక్షులు: సునీత, ఎదురింటి మార్తమ్మ. సింధు సంతకం పెట్టనంది.