ఇడ్లీ పాత్రలో స్టీలు డబ్బా

చైతన్యపురిలో మా లేడీస్ హాస్టల్‌కి వంటమనిషి అండాలమ్మ. కోచింగుకొచ్చిన ఎనభై మందికి పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం ఆమే వండేది. ఇడ్లీ పాత్ర అడుగు అరలో రోజూ ఒక స్టీలు డబ్బా కనిపించేది. నాకెందుకులే అని ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఓనరు శేషారత్నం గారి దగ్గరకెళ్లి, "ఆంటీ, వంటావిడ మన బియ్యం ఉడికించి ఇంటికి పట్టుకెళ్తోంది" అని చెప్పేశాను.

ఆవిడ వంటింట్లోకి వచ్చి మూత తీయించింది. డబ్బాలో సగం ఉడికిన నూకలు. మాకు వండేది సన్నబియ్యం. నాకు తల కొట్టేసినట్టయింది.

"నూకలు నావే అమ్మా. మీ గింజ ఒక్కటి గూడ ముట్టలే," అంది అండాలమ్మ. "ఇంట్ల సిలిండరు అయిపోయి నెలాయె. మా ఆయన బాటసింగారం పండ్ల మార్కెట్ల బత్తాయి లోడు దించుతుంటే నడుం ఇరిగి మంచాన వడ్డడు. కరెంటు పొయ్యి పెడ్తే ఇంటి ఓనరు కిరాయి మీద ఇంకింత గుంజుతడు. మీ ఇడ్లీల ఆవిరి ఎట్లైనా పోయేదే గదా అని..."

శేషారత్నం గారు అరవలేదు. "ఆవిరి ఊరికే వస్తుందా అండాలమ్మా? గ్యాసుకి కట్టేది నేనేగా. ఇవాళ నువ్వు, రేపు అంట్లు తోమే ఆవిడ. తీసేయ్" అంది మెల్లగా. ఆ పూట పైన మా గదుల్లో గీజర్లు వేసి మరిచిపోయిన వాళ్లం ఎంతమందిమో!

అండాలమ్మ డబ్బాని గుడ్డతో పట్టుకుని బయటికి తీసి, సంచిలో పెట్టుకుంది. తర్వాత మాకు ఇడ్లీలు వడ్డించింది. నేను రెండు తిని, మిగతా రెండూ పాలవాడి గేదెల కోసం పెట్టిన డ్రమ్ములో పడేశాను. ఆమె చూసింది.

మర్నాడు పాత్రలో డబ్బా లేదు. ఉండబట్టలేక అడిగాను.

"నిన్న మీ ఆయన తిన్నారా?"

"తిన్నడు బిడ్డా. పక్కింట్ల వేడినీళ్లు అడిగి నానవెట్టి ఇచ్చిన. పలుకు పండ్లకు తగుల్తుంటే, 'ఏందే, గియ్యాల ఉడకలే' అన్నడు."

"ఇవాళ?"

"అటుకులు నానవోసి ఒచ్చిన."

"జరిగింది చెప్పారా ఆయనకి?"

"ఎట్ల చెప్తా? హాస్టలోళ్లే రోజు బువ్వ వెడుతున్నరనుకుంటడు. 'ఆ పిల్లలు సల్లగుండాలె, మంచి కొలువులు రావాలె' అని పొద్దుగాల్నే మొక్కుతడు. ఇయ్యాల గూడ మొక్కిండు."

నేను తల దించుకున్నాను. ఆమె నా ప్లేటు వైపు చూసి గరిటె అందుకుంది.

"చట్నీ ఎయ్యాల్నా?"