పాత మదీనా రోడ్డు మీద శుక్రవారాలు

మా వీధికి తారు వేస్తున్నారు. పొద్దున బడికి బయల్దేరేసరికి మలుపు దగ్గర డ్రమ్ములో తారు కుతకుత ఉడుకుతోంది, పొగ ఇళ్ళలోకి దూరిపోతోంది, ఎదురింటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కాంట్రాక్టరును ఏడు తరాల వెనక్కి తిడుతోంది. నేను మాత్రం టీచరమ్మనన్న సంగతి మరిచిపోయి, చేతిలో టిఫిను డబ్బాతో అక్కడే నిలబడి ఆ వాసనను గుండె నిండా పీల్చుకున్నాను. ప్రొద్దుటూరులో ఉన్నదాన్ని ఒక్క క్షణంలో రాబిగ్ చేరుకున్నాను. మిట్టమధ్యాహ్నపు ఎండకు మెత్తబడి టైర్లకు అంటుకునే పాత మదీనా రోడ్డు వాసన అది.

మేం దూదేకుల వాళ్ళం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. రాబిగ్‌లో హైదరాబాదు ఆడవాళ్ళు మా అమ్మ ఉర్దూ విని పైట చాటున నవ్వుకునేవాళ్ళు, అమ్మ కూడా తక్కువదేం కాదు, వాళ్ళ బిర్యానీలో ఉప్పెక్కువని ఇంటికొచ్చాక తెలుగులో కసి తీర్చుకునేది. ఎర్ర సముద్రం ఒడ్డున, చమురు శుద్ధి చేసే పెద్ద ఫ్యాక్టరీ పక్కన ఉన్న ఆ ఊళ్ళో మా నాయన దస్తగిరి, చెడిపోయిన కార్లను వీపున ఎక్కించుకుని మోసుకొచ్చే లారీ నడిపేవాడు. దాన్ని అక్కడ సత్‌హా అంటారు. వర్క్‌షాపు యజమాని, అంటే మా కఫీలు, అబూ సాలెం అనే ముసలాయన. నాకు ఆరేళ్ళప్పుడు, తమ్ముడు చాందు ఇంకా చంకలో ఉన్నప్పుడు, నాయన మమ్మల్ని అక్కడికి పిలిపించుకున్నాడు.

కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు పడకముందు జిద్దా నుంచి మదీనాకు పోయే బళ్ళన్నీ మా ఊరి మీదుగానే పోయేవట. మోటారు బళ్ళ కోసం ఆ దేశంలో వేసిన తొలి తారు రోడ్లలో అదొకటని అబూ సాలెం గొప్పగా చెప్పేవాడు. మేం చూసేనాటికి ఆ దారి బోసిపోయింది. చాలాచోట్ల కొత్త రోడ్డు దాన్ని మింగేసింది. మిగిలిన ముక్కలు ఇసుకలోంచి తేలి, కాసింత దూరం పోయి మళ్ళీ ఇసుకలోకే మునిగేవి. వాటి పక్కన మూతపడిన పెట్రోలు బంకులు, కప్పు కూలిన టీ అంగళ్ళు, గాలికి కిర్రుమనే రేకు బోర్డులు. శుక్రవారం నమాజు అయీ కాకముందే సత్‌హా ముందు సీట్లో నలుగురం ఇరుక్కుని అటు బయల్దేరేవాళ్ళం. అమ్మ మా వీధిలోని రఫీ మామ అంగట్లో కొన్న బొరుగులతో చేసిన ఉగ్గాని, శెనక్కాయల పొడి, ఫ్లాస్కు నిండా పాలు లేని టీ సర్దేది. ఎడమ పక్క సముద్రపు ఉప్పుగాలి, కుడి పక్క వేడి రాళ్ళ గాలి, మధ్యలో డీజిలు కంపు, ఒడిలో పోపు వాసన.

మాకు ఆట ఒక్కటే, కిలోమీటరు పలకను ముందు ఎవరు చూస్తారా అని. అరబ్బీ అంకెలు నేను బళ్ళో కంటే ముందు ఆ పలకల మీదే నేర్చుకున్నాను. వాళ్ళ ఐదు అచ్చం మన సున్నాలా ఉంటుంది, వాళ్ళ సున్న ఒట్టి చుక్క. యాభై అని రాసి ఉన్న పలకను చూసి చాందు "సున్నా! వచ్చేసినాం నాయనా, దిగు దిగు!" అని గంతులేసేవాడు, నాయన నిజంగానే బండి ఆపేవాడు. ఆపిన చోటల్లా ఏదో ఒకటి దొరికేది. తుప్పు పట్టిన నంబరు ప్లేట్లు, మూతిదాకా ఇసుక కూరుకున్న పాత షర్బత్ సీసాలు, నూనె డబ్బాలు, ఒంటె బొమ్మ గీసిన హెచ్చరిక బోర్డు, ఒకసారి పూలూ పావురాలూ రంగులతో వేసిన పాత లారీ తలుపు, ఒకసారి పెట్రోలు పంపు నెత్తిన దీపంలా వెలిగే తెల్లటి గాజు బుడ్డి. నాయనకు నియమం ఒకటుండేది. నిలబడిన దాన్ని పీకకూడదు, పడిపోయిన దాన్ని వదలకూడదు.

దొరికిన ప్రతిదాన్నీ తువ్వాలుతో తుడిచి, బిడ్డను పడుకోబెట్టినట్టు బండి వెనక పడుకోబెట్టేవాడు. అమ్మకు ఒళ్ళు మండేది. "మనూర్లో అయితే ఈ పాత ఇనుముకు ఎర్రగడ్డలన్నా వస్తాయి. ఈడ ఏమొస్తాది, నడుం నొప్పి!" అనేది. నాయన నవ్వేసేవాడు. ఆయన తాత ఓడెక్కి హజ్జుకు పోయి, జిద్దాలో దిగి, లారీ వెనకాల మూటల మీద కూర్చుని ఇదే రోడ్డు మీద మదీనా చేరాడట. దారిలో టీ అంగళ్ళ ముందు నులక అల్లిన ఎత్తు బల్లల మీద పడుకుని నక్షత్రాలు చూశానని చచ్చేదాకా చెప్పాడట. "ఆయప్ప టీ తాగిన గలాసు ఈటిల్లో ఉండదని గ్యారంటీ ఏందిమే?" అని నాయన అడిగితే అమ్మ ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసేది.

ఆ సరుకంతా పెట్టుకోవడానికి అబూ సాలెం తన మూతపడిన పెట్రోలు బంకులో ఒక గది తాళం నాయనకు ఇచ్చాడు. ఆయన తండ్రి కట్టించిన బంకు అది. గోడలకు మేకులు కొట్టి నాయన, కింద పడి దొరికిన కిలోమీటరు పలకలను వరసగా, రోడ్డు మీద ఉన్న క్రమంలోనే తగిలించాడు. ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిస్తే జిద్దా నుంచి మదీనా దారిలోని బద్ర్‌దాకా పోయినట్టే. రంజాన్ నెలలో ఒకటి రెండు సాయంత్రాలు ఆ గది ముందే చాప పరిచి ఉపవాసం విడిచేవాళ్ళం. ఖర్జూరాలు, మిరపకాయ బజ్జీలు, స్టీలు క్యారియరులో అమ్మ కాచిన రంజాను గంజి. అబూ సాలెం కర్ర పొడుచుకుంటూ వచ్చి, గంజి ఊదుకుంటూ తాగి, ఒక్కో పలక దగ్గరా ఆగి అక్కడ ఏ అంగడి ఉండేదో చెప్పేవాడు. నాయన ముఖం అంత వెలిగిపోవడం నేను మరెక్కడా చూడలేదు.

అప్పుడే ఇంట్లో కొత్త మాటలు వినపడసాగాయి. నితాకత్ అన్నారు. సౌదీ వాళ్ళను సరిపడా పనిలో పెట్టుకోని కంపెనీలకు ఎరుపు, పెట్టుకున్నవాటికి పచ్చ. మా వర్క్‌షాపుకు ఎరుపు పడిందని నాయన కంచంలో చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు. నాకు తెలిసిన ఎరుపు సిగ్నలు లైటు ఒక్కటే, కాసేపు ఆగితే పచ్చ పడుతుంది కదా, దానికింత దిగులెందుకని అనుకున్నాను. ఎరుపు పడిన కంపెనీలో ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితాలు, తిరగరాయరని నాకేం తెలుసు? ఆ తర్వాత భార్యకూ పిల్లలకూ తలకింత పన్ను అన్నారు, ఏటేటా పెరుగుతుందన్నారు. చాందు అద్దంలో చూసుకుంటూ "నా తల చిన్నది గదా, తక్కువ పడుతుందిలే" అన్నాడు.

మా వీధి చివర అంగడి రఫీ మామది. రాయచోటి మనిషి, చట్టం తెలిసినవాడు. ఆయన ఇంటికొచ్చి నాయనను కూర్చోబెట్టాడు.

"దస్తగిరీ, నా మాట ఇను. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకో, ఈడ లెక్క తెంపుకుని పో. అట్ల పోతే రేపు ఇంకో కంపెనీ వీసా మీద దర్జాగా రావచ్చు. జిజాన్‌లో మావోడు సత్‌హా డ్రైవరు కావాలంటాండాడు. రీఎంట్రీ మీద, అంటే తిరిగొస్తామని రాసిచ్చి పోయి, టయానికి రాలేకపోతే మూడేండ్లు తలుపు మూసేస్తారబ్బా."

నాయన తల ఊపబోయాడు. అమ్మ వంటింట్లోంచి విసురుగా వచ్చింది. "ఫైనల్ అనే మాట నోట్లోంచి రానీకు రఫీ అన్నా! ఇంట్లోంచి కాలు బయటపెట్టేటప్పుడు పోతాండాం అంటారా ఎవురైనా? పోయొస్తాం అంటారు. శవాలు గదా పోయేది!"

రఫీ మామ నుదురు కొట్టుకున్నాడు. కానీ ఆ మాట నాయనకు తగిలింది. పైగా ఫైనల్ అంటే బంకు గది ఖాళీ చేయాలి, తాళం తిరిగివ్వాలి. అబూ సాలెం కూడా, రెండు నెలల్లో పచ్చలోకి వస్తాం, ఊరికెళ్ళి రండి అన్నాడు. ముసలాయన అబద్ధం చెప్పలేదు, తను నమ్మిందే చెప్పాడు. అలా మేం రీఎంట్రీ కాగితం మీద విమానం ఎక్కాం. నాయన గదికి తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

పచ్చ పడలేదు. వర్క్‌షాపు మూతపడింది, వీసా గడువు పొడిగించే నాథుడు లేకపోయాడు. కొన్నాళ్ళకు రఫీ మామ ఫోను చేసి, అక్కడి సర్కారు కంప్యూటరులో నాయన పేరు పక్కన "బయటికి వెళ్ళాడు, తిరిగి రాలేదు" అని పడిందని చెప్పాడు. మేం పోయొస్తామన్న మాటను ఆ కంప్యూటరు అలా రాసుకుంది. జిజాన్‌ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. అమ్మ గోడకు తల ఆనించి "నా నోరే, నా పాడు నోరే" అని ఏడ్చింది. నాయన ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది, అనకపోవడం వల్లే అమ్మ సగమైపోయింది.

మూడేళ్ళు నాయన అద్దె ట్రాక్టరు తోలుతూ గడిపాడు. ఎవరు పలకరించినా "సెలవు మీద వచ్చినా" అనేవాడు. మొదట్లో జనం నమ్మారు, తర్వాత నమ్మినట్టు నటించారు, తర్వాత అడగడం మానేశారు. గడువు తీరాక ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. ఒకడు వయసు దాటిందన్నాడు, ఒకడు అక్కడి లైసెన్సు చచ్చిపోయిందన్నాడు. అబూ సాలెం ఆ లోపే కాలం చేశాడు.

ఆ మరుసటి ఏడు రఫీ మామ అంగడి అమ్మేసి, తనే ఫైనల్ ఎగ్జిట్ మీద బయల్దేరుతూ, పోయేముందు ఆ బంకు దగ్గరికి వెళ్ళి వీడియో కాల్ చేశాడు. గది తలుపు లేదు. లోపల గడ్డి మోపులు. ఎవరో కాపరి బంకు పక్కనే మేకల దొడ్డి కట్టుకున్నాడు. దానికి పైకప్పు మా కిలోమీటరు పలకలే. తలకిందులుగా, అడ్డదిడ్డంగా, తీగతో బిగించి ఉన్నాయి. లారీ తలుపు దొడ్డికి గేటయింది. గాజు బుడ్డి ఎక్కడా కనపడలేదు.

"అడిగి రెండు పీకించుకొస్తా దస్తగిరీ. బ్యాగులో పట్టిస్తా" అన్నాడు రఫీ మామ.

నాయన ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. తెర మీద ఒక మేకపిల్ల నీడలో పడుకుని నెమరేస్తోంది. "వద్దులే రఫీ. మేకలకు నీడ గదా" అన్నాడు.

ఆ రాబిగ్ ఇప్పుడు నాకు ఏ మ్యాపులోనూ దొరకదు. పాత రోడ్డు ముక్కలు ఇంకెన్ని మిగిలాయో తెలియదు. చాందుకు అరబ్బీ అంకెలు గుర్తులేవు, ఆ శుక్రవారాలు కూడా సరిగ్గా గుర్తులేవు. అమ్మ ఉగ్గాని చేస్తుంది కానీ ఎవరినీ తినమని బతిమాలదు.

పోయిన నెల నాయన పాస్‌పోర్టు గడువు తీరింది. నేను కొత్తదానికి ఫారం నింపి, ఫోటో అంటించి, సంతకం పెట్టమని ఆయన ముందు పెట్టాను. ఆయన పెన్ను అందుకుని, ఫారం చివరిదాకా చదివి, పెన్ను మూత పెట్టి నాకే ఇచ్చేశాడు.

"యాడికి పోయేదానికి మా?" అని అడిగాడు.